జానెడు అరుగుదల

వేడెక్కిన ఇనుము మీద ఇప్ప నూనె చుక్క పడితే ఒక వాసన లేస్తుంది. పూల వాసన కాదు, వంట వాసనా కాదు. ఎండాకాలం మధ్యాహ్నం అడవిలో ఎవరో దూరంగా గింజలు వేయిస్తున్నట్టు, కొంచెం చేదుగా, కొంచెం తియ్యగా ఉంటుంది. ఇవాళ పొద్దున రేకుల షెడ్డు మీద వాన సన్నగా పడుతోంది. లేతు మిషను మీద ఇనుప రాడ్డు తిరుగుతోంది. నూనె చుక్క పడింది, పొగ దారంలా లేచింది, ఆ దారం పట్టుకుని నేను ఎటో వెళ్ళిపోయాను. ఏ సంవత్సరంలో ఉన్నానో కాసేపు తెలియలేదు. ఎవరో తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఓలమ్మో, ఇది వర్క్‌షాపా, వంటిల్లా?" అన్నట్టయింది. తిరిగి చూస్తే గుమ్మంలో వాన తప్ప ఎవరూ లేరు.

ఆ మాట అన్నది సింహాచలం అన్న. మీరెవరూ ఆయనను చూసి ఉండరు. చూసినా గుర్తుండే మనిషి కాదు. పొట్టిగా, నల్లగా, బట్టతలతో ఉండేవాడు. కళ్ళద్దాలకు ఒక పక్క కొమ్మ విరిగిపోతే రాగి తీగ చుట్టుకుని చెవికి తగిలించుకున్నాడు. చొక్కా జేబులో ఒక టెస్టరు, దాని పక్కన చిన్నపిల్లలు పళ్ళు తోముకునే బ్రష్షు ఉండేవి. ఆ బ్రష్షు కరెంటు పెట్టెల్లో దుమ్ము దులపడానికి. ఊరు శ్రీకాకుళం వైపు. ఇనుప గనుల టౌన్‌షిప్‌లో కరెంటు మెకానిక్‌గా బతుకంతా చేసి, రిటైరయ్యాక సొంత ఊరికి పోకుండా జగదల్‌పూర్‌లో గీదం రోడ్డు పక్కన మా సందులోనే ఒక గది అద్దెకు తీసుకున్నాడు. భార్య పోయింది, కూతురు విశాఖపట్నంలో. ఇక్కడే ఎందుకున్నారన్నా అని అడిగితే, "అక్కడ అందరూ నన్ను రిటైరైనోడంటారమ్మా. ఇక్కడ ఆ మాట ఎవులికీ తెలీదు" అనేవాడు.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. నేను కోంటా దగ్గరి పల్లె నుంచి పెళ్ళై ఈ ఊరు వచ్చాను. అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి, అంకెలు మాత్రం బాగానే వచ్చు. ఇది కూడా నేను నోటితో చెప్పి రాయిస్తున్నదే. గొంతు బొంగురు, లేతును తిప్పే పట్టా మోతలో ముప్ఫై ఏళ్ళు అరిచి అరిచి అలా అయింది. మా ఆయన లక్ష్మయ్య ఆ లేతును ఏదో పాత వర్క్‌షాపు వేలంలో కొన్నాడు. రెండు మంచాలంత పొడుగు. కొన్ననాటికే అది ముసలిది. దాని మీద బతుకంతా ఒకటే రకం పని చేశాడు: ఎడ్లబండి బుష్షులు, బోరింగు పంపు పిన్నులు. అన్నీ పొట్టివే. ఆయన మంచివాడని ఊరికే చెప్పను. కోపం ఎక్కువ, ఇంట్లో కంచం విసిరేసిన రోజులున్నాయి. లేతు ముందు మాత్రం వేరే మనిషి అయ్యేవాడు. చివరి రెండేళ్ళు ఆయన చేతులు వణికాయి. అప్పుడు నేను నిలబడి హ్యాండిల్ తిప్పేదాన్ని. ఆయన వెనక స్టూలు మీద కూర్చుని నా చెయ్యి మీద చెయ్యి వేసేవాడు. మాట్లాడేవాడు కాదు. నా వేళ్ళ మీద ఆయన వేళ్ళ వణుకు, దాని కింద తిరిగే ఇనుము గరగర, రెండూ ఒకటే అనిపించేది.

ఆయన పోయాక నెల తిరక్కముందే మరిది రామన్న వచ్చి కూర్చున్నాడు. షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ.

"వదినా, మనసు కష్టపెట్టుకోకు. పాత ఇనుము కొనే కబాడీవాడు మాటిచ్చిండు, లారీ వాడే తెచ్చుకుంటడట. ఈ ముసలి ఇనుము పోతే ఇక్కడ మోటర్‌సైకిల్ పార్టుల దుకాణం పెడ్త. నీకో మూలకు కుర్చీ ఏస్త."

"కుర్చీల కూసొని ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యకు. కూసో. ఇన్నేండ్లు జేసినవ్ గదా."

చెడ్డవాడు కాదు రామన్న. కానీ ఆ 'కూసో' అన్న మాటకు నేను లేచి నిలబడ్డాను. మా ఆయన ఉండగా ఒప్పుకున్న పని ఒకటి మిగిలి ఉంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళ సమూహాలు సాల ఆకులతో విస్తళ్ళు, దొప్పలు అద్దే మిషన్లు పెట్టుకున్నాయి. ఆ మిషనుకు నాలుగు నిలువు రాడ్లుంటాయి. పై అచ్చు వాటి మీదనే కిందికీ పైకీ జారాలి. పన్నెండు మిషన్ల రాడ్లు కిందటి వానాకాలంలో తుప్పుపట్టి పాడయ్యాయి. దసరాకు ఊరంతా జనం, ఆ జనానికి విస్తళ్ళు కావాలి. ఆ లోపు నలభై ఎనిమిది రాడ్లు ఇవ్వాలి. "రాడ్లు ఇస్త. ఇయ్యలేకపోతే నువ్వే లారీ పిలువు" అన్నాను. రామన్న నవ్వి, "అన్న ఉండంగనే గాలె వదినా" అన్నాడు. నిజమే. పొడుగు రాడ్డు మీద ఇనుము చెక్కే కత్తిని తనంతట తాను నడిపించే పళ్ళ చక్రాలు ఎప్పుడో అరిగి ఊడిపోయాయి. అంత పాత మిషనుకు అవి ఎక్కడా దొరకవు. రాడ్డు పొడవునా చేత్తో నడిపిస్తే రోజుకు ఒకటి తీసేసరికి భుజం పడిపోతుంది.

సింహాచలం అన్న టేబుల్ ఫ్యాను ఇరుసు ఒకటి పట్టుకుని వచ్చింది ఆ రోజుల్లోనే. వాసనకు ముక్కు మూసుకుని, వంటిల్లా అని వెక్కిరించి, తర్వాత లేతు చుట్టూ మెల్లగా ఒక ప్రదక్షిణం చేశాడు. పళ్ళ చక్రాలుండే ఖాళీ అరలో చెయ్యి పెట్టి తడిమాడు.

"ఇవి దొరకవమ్మా."

"తెల్సు అన్నా. అందుకే అమ్మమంటున్నరు."

"సక్రాలు దొరకవన్నాను. అవి సేసే పని దొరకదన్నానేటి?"

ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. చాలా రోజుల తర్వాత, ఆరుబయట మంచం మీద మబ్బులు చూస్తూ పడుకున్నప్పుడు అర్థమైంది. మనిషి పోతాడు, ఆయన చేసే పని మిగలాలంటే దాన్ని ఇంకెవరికో, ఇంకెందుకో అప్పగించాలి.

రాయపూర్ నుంచి రెండు మోటార్లు తెప్పించాడు, కత్తిని పొడవునా నడపడానికి ఒకటి, లోపలికీ బయటికీ జరపడానికి ఒకటి. ఒక్కోటి పీచు తీసిన కొబ్బరికాయంత ఉంటుంది. అవి ఫ్యాను మోటారులా గిర్రున తిరిగేవి కావు, ఒక్కో అడుగు లెక్కపెట్టుకుంటూ తిరిగేవి. వాటికి మాట చెప్పే పెట్టె ఒకటి, దానికి అరచేతిలో పట్టే తెర, కొన్ని బటన్లు. మిగతావన్నీ పాత సామాను అంగట్లో ఏరుకొచ్చాడు. పాత కంప్యూటర్ల కడుపులోంచి తీసినవి, టీవీల్లోంచి తీసినవి. వానాకాలం మొదట్లో, మధ్యాహ్నాలు చీకటిగా ఉన్నప్పుడు, షెడ్డులో ఒక బల్బు కింద ఆయన తీగలు అతుకుతుంటే నేను పట్టుకునేదాన్ని. సీసం కరిగి మెరుస్తూ ఒక్క క్షణం వెండి చుక్కలా ఉండి మసకబారేది. నూరేళ్ళ ఇనుము మీద ఎర్రవీ నల్లవీ తీగలు పాకుతుంటే, రామన్న చూసి పగలబడి నవ్వాడు.

"ఏంది వదినా, లేతుకు సెలైన్ ఎక్కిస్తున్నరా? ఐసీయూల పెట్టినట్టున్నది!"

సింహాచలం అన్న తలెత్తలేదు. "నీ బుర్రకి ఎక్కిద్దామనే తెచ్చాను రామన్నా. తీగ సాల్లేదు."

ఒక్క చోట మాత్రం మా ఇద్దరికీ పడలేదు. మోటార్లు వచ్చాక హ్యాండిళ్ళెందుకు, పీకేద్దామన్నాడు. నేను వద్దన్నాను. మా ఆయన అరచెయ్యి తగిలి తగిలి, కత్తిని లోపలికి జరిపే హ్యాండిల్ నున్నగా వెలుగుతుండేది.

"పుట్టింటోళ్ళిచ్చిన సామానేటమ్మా, అంత పట్టుకున్నావు?"

"గది పీకితే నన్ను గూడ పీకి పక్కకు పెట్టుండ్రి."

"సరే తల్లీ, ఉండనీ. తిరగతాదంతే, తినీదేటుంది."

తర్వాత నాకు నేర్పడం మొదలైంది. పెట్టెలో మాటలు ఇంగ్లీషులో ఉంటాయి, నాకు రావు. ఆయన పుస్తకం తెరవలేదు. వాన వెలిసిన పూట పెరట్లో నన్ను నిలబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. "నువ్విప్పుడు మోటారువి. నేను సెప్పినంతే నడవాల. నీ బుర్ర వాడకూడదు." పది అడుగులు ముందుకన్నాడు. నడిచాను. ఎడమకు మూడన్నాడు. నడిచాను. ముందుకు నాలుగన్నాడు, మూడో అడుగు నేరుగా వాననీళ్ళ గొయ్యిలో పడింది. చీర మోకాలిదాకా బురద. నేను తిట్టబోతుంటే ఆయన చప్పట్లు కొట్టాడు.

"ఎందుకు పడ్డావు?"

"మీరే గదన్నా నడువమన్నది!"

"అదీ. మోటారుకి గొయ్యి కనపడదు. దాని తప్పు కాదు. ఉన్నాదని నువ్వు సెప్పాల."

అంకె ఏదైనా నొక్కే ముందు గట్టిగా పలకాలని నియమం పెట్టాడు. కళ్ళు పొరపాటు పడినా చెవి పట్టుకుంటుందట. సందులో వాళ్ళు నవ్వుకునేవారు. నా బొంగురు గొంతుతో నేను అంకెలు అరుస్తుంటే ఏదో మంత్రం చదువుతున్నట్టుండేదట. అలా అరుస్తూ అరుస్తూ ఒకరోజు బటన్ నొక్కాను. మోటారు సన్నగా కూనిరాగం తీసింది. ఎవరూ ముట్టుకోని హ్యాండిల్ తనంతట తాను తిరుగుతూ, కత్తి రాడ్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ఇనుప పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలింది. నిద్రలో నడిచే మనిషిని చూస్తున్నట్టుంది.

కానీ రాడ్డు సరిగ్గా రాలేదు. ఆడవాళ్ళు తమ మిషనులో రాడ్డు మీద జారే ఇత్తడి గొట్టం, అదే బుష్షు, ఒకటి కొలతకు ఇచ్చి పోయారు. దాన్ని రాడ్డుకు తొడిగితే కొస నుంచి కొస దాకా జారాలి. కుడి కొస నుంచి వదిలితే సుయ్యిమని జారేది, రాడ్డును పట్టి తిప్పే లేతు తల వైపు ఒక జాన దూరం ఉందనగా ఠక్కున ఆగిపోయేది. అక్కడ రాడ్డు వెంట్రుక మందం లావుగా ఉంది. గరుకు కాగితంతో రుద్దితే ఆ చోటు పోయి పక్క చోటు వదులయ్యేది. విస్తరాకు అచ్చులో వదులుంటే ఆకు చిరుగుతుంది, బిగువుంటే అచ్చు ఇరుక్కుంటుంది. మోటారు అడుగులు తప్పుతోందనుకున్నాడు సింహాచలం అన్న. తీగలు మార్చాడు. మోటారు విప్పి మళ్ళీ బిగించాడు. ఇంకో దాన్ని తెప్పించాడు. పదకొండు రాడ్లు పాడయ్యాయి. బ్రష్షుతో దులిపిన పెట్టెనే మళ్ళీ దులుపుతూ కూర్చునేవాడు. "పెట్టె సెప్పింది సరిగ్గానే సెప్తన్నాది. మోటారు ఇన్నది సరిగ్గానే ఇంటన్నాది. మరి ఇనుము ఎందుకిలగ సేస్తన్నాదో" అని గొణుక్కునేవాడు. రామన్న ఇప్పుడు నవ్వడం మానేశాడు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. గుమ్మం వెడల్పు కొలుచుకుని పోయాడు, లారీ రివర్సులో లోపలికి పడుతుందో లేదో అని.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఇక్కడ ఏ మిషనూ తిరగదు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ పొద్దున లేతుకు తలస్నానం చేయించాల్సిందే. రాగి చెంబుతో పసుపు నీళ్ళు తల మీది నుంచి పోసి, గుడ్డతో తుడిచి, ఇప్ప నూనె రాసి, సిందూరం పెట్టేవాడు. నేనూ అలాగే చేశాను. ఏడుస్తూ చేశాను కాబట్టి ఇంకో చెంబు ఎక్కువే పోశాను. 'ఈ ఒక్కసారికి నా మాట నిలబెట్టు తండ్రీ' అనుకుంటూ పోశాను. పెట్టె ఉన్నది లేతు తల మీదే. నూరేళ్ళ ఇనుము మీద పోసిన నీళ్ళే అనుకున్నాను గానీ, ఆ పెట్టె వేరే రకం ప్రాణమని నాకు తోచలేదు.

మర్నాడు సింహాచలం అన్న వచ్చి స్విచ్ వేశాడు. నీలంగా ఒక మెరుపు, చిటుక్కుమని చప్పుడు. తెర ఒక్కసారి వెలిగి, తెల్లబోయి, ఆరిపోయింది. ఆయన మూత విప్పాడు. లోపల పసుపు రంగు నీళ్ళు చక్కగా నిలిచి ఉన్నాయి, బోర్డు మీద బొట్టు పెట్టినట్టు నల్లటి మచ్చ. ఆయన ఆ పసుపు నీళ్ళలో వేలు ముంచి వాసన చూశాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

"ఎన్ని సెంబులు పోసినావు సెల్లెమ్మా?"

"మూడు."

"మూడే?" అన్నాడు. నవ్వబోయాడు గానీ నా మొహం చూసి ఆపేశాడు. నా ఎదుట స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇదిగో, ఇటు సూడు. ఇనుము తడిస్తే తుడిసీమంటాది. ఇది అలగ కాదు. ఆ సంగతి తెలిసినోడిని నేనొక్కడినే. నీకు సెప్పాల్సింది నేను, సెప్పనేదు. గొయ్యి ఉన్నాదని నేను సెప్పనేదు, నువ్వు నడిసినావు. తప్పు ఎవులిది?"

నా జీవితంలో తప్పు చేసినప్పుడు నాకు తెలిసినవి రెండే. తిట్టడం, లేదా జాలిపడి ఊరుకోవడం. మొదటిది మొగుడి దగ్గర, రెండోది మరిది దగ్గర చూశాను. మూడోది ఒకటి ఉంటుందని ఆ రోజు తెలిసింది. తప్పును విప్పిన పెట్టెలా ఇద్దరి మధ్య పెట్టుకుని, లోపల ఏముందో ఇద్దరూ కలిసి చూడటం.

కొత్త బోర్డు రాయపూర్ నుంచి రావడానికి నాలుగైదు రోజులు పడుతుందన్నాడు. దసరా ఎంతో దూరంలో లేదు. "ఖాళీగా కూకుంటే బుర్ర పాడైపోతాది. ఒకటి సేత్తో తిప్పు, సూద్దాం" అన్నాడు. కరెంటు లేని మోటార్లు అడ్డం రాలేదు, హ్యాండిళ్ళు మెత్తగానే తిరిగాయి. నేను నిలబడ్డాను. చాలా రోజుల తర్వాత హ్యాండిల్ నా అరచేతిలోకి వచ్చింది. బయట వాన, లోపల నూనె పొగ. ఇనుము గరగరలో నాకు వెనకాల స్టూలు మీద ఎవరో కూర్చున్నట్టే ఉంది. అది దయ్యం అనను, దేవుడనీ అనను. ఒక చెయ్యి బరువు, అంతే. ఎంతసేపు తిప్పానో తెలియదు. రాడ్డు అయిపోయింది.

సింహాచలం అన్న అలవాటుగా బుష్షు తొడిగి వదిలాడు. సుయ్యిమని జారింది. లేతు తల వైపు జాన దూరం వచ్చింది, ఆగలేదు. చివరిదాకా వెళ్ళి ఆయన చేతిలో పడింది. ఇంకోసారి వదిలాడు. ఇంకోసారి. తర్వాత కళ్ళద్దాలు తీసి, రాగి తీగ కొమ్మ పట్టుకుని, నా వైపు తిరిగాడు.

"నీ సెయ్యి అక్కడ ఏటి సేసింది?"

"ఏం జెయ్యలె."

"సేసింది. నేను సూసాను. ఊపిరి బిగబట్టినావు. మణికట్టు ఇలగ లోపలికి ఒంగింది. ఏటది?"

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మా ఆయన ఎప్పుడూ అక్కడికి వచ్చాక ఊపిరి ఆపేవాడు. నా చెయ్యి మీద ఆయన వేళ్ళు వెంట్రుకంత లోపలికి నొక్కేవి. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. బతుకంతా పొట్టి సామానే చేశాడు కదా, కత్తిని మోసే బండి ఆ జానెడు చోటులోనే ముందుకూ వెనక్కూ నడిచి నడిచి కింద ఉన్న ఇనుప పట్టాలు అక్కడ అరిగిపోయాయి. బండి అక్కడికొస్తే కాస్త కిందికి దిగి కత్తి వెనక్కి పోతుంది. రాడ్డు లావుగా మిగులుతుంది. ఆయన చేతికి అది తెలుసు. ఆయన చేతి నుంచి నా చేతికి వచ్చింది. నా నోటికి మాత్రం ఎప్పుడూ రాలేదు.

నేనిదంతా ముక్కలు ముక్కలుగా చెప్పాను. సింహాచలం అన్న పట్టాల మీద గోరు పెట్టి లాగి చూశాడు, గోరుకు తగిలీ తగలనంత సన్నని తేడా. పకపకా నవ్వాడు.

"గొయ్యి ఉన్నాదని మోటారుకి సెప్పాల అని నీకు పాఠం సెప్పినోడిని! గొయ్యి నాకే కనపడనేదు. ఇన్నాళ్ళూ మోటారుని తిట్టాను పాపం. మరి నువ్వేటమ్మా, ఒక్క ముక్క సెప్పలేదు?"

"మీరు అడగలె అన్నా. నాకు తెల్సని నాకే తెల్వది."

ఆయన నవ్వు ఆగిపోయింది. "అవును. అడగనేదు" అన్నాడు మెల్లగా. "పెట్టెని అడిగాను. మోటారుని అడిగాను."

ఆ తర్వాతి రెండు రోజులు నా బతుకులో అన్నిటికంటే నిశ్శబ్దమైన రోజులు. గడియారంలాంటి కొలత పరికరం ఒకటి బిగించాడు, వెంట్రుకలో పదో వంతుకు కూడా దాని ముల్లు కదులుతుంది. నన్ను కళ్ళు మూసుకుని తిప్పమన్నాడు. వేలెడు వేలెడు దూరానికి ఆపమని, ముల్లు ఎక్కడుందో తాను రాసుకునేవాడు. "ఆలోసించకు. ఆలోసిస్తే నువ్వు తిప్పతావు. మీ ఆయన తిప్పాల" అనేవాడు. ఒకే జానెడు దూరాన్ని ఇరవైసార్లు నడిచాము. రాజ్యాలు కొలిచేవాళ్ళు కూడా అంత శ్రద్ధగా కొలిచి ఉండరు. కొత్త బోర్డు వచ్చాక, ఒక డబ్బాలో పెట్టి గోడకు ఎత్తుగా బిగించాడు. ఆ అంకెలన్నీ నా చేత పలికిస్తూ, నా చేతనే నొక్కించాడు. "సెయ్యి నీది. సెప్పాల్సింది నువ్వు."

బటన్ నొక్కాను. కూనిరాగం మొదలైంది. కత్తి నడిచి నడిచి ఆ జానెడు చోటు దగ్గరికి వచ్చింది. ఎవరూ పట్టుకోని ఆ నున్నటి హ్యాండిల్ ఒక్క వెంట్రుకంత లోపలికి తిరిగింది. మా ఆయన మణికట్టు తిరిగినట్టే. ఆ చోటు దాటాక మళ్ళీ వెనక్కి వచ్చింది. నేను ఊపిరి బిగబట్టానని బుష్షు కొస దాకా జారి పడ్డాక గానీ తెలియలేదు. సింహాచలం అన్న టెస్టరు జేబులో పెట్టుకుని, బయట వానలోకి వెళ్ళి నిలబడ్డాడు.

దసరాకు ముందే ఆడవాళ్ళు ట్రాక్టరు మీద వచ్చి నలభై ఎనిమిది రాడ్లూ తీసుకుపోయారు. ఒక్కొక్కదానికీ బుష్షు వేసి చూసుకున్నారు, ఒక్కటీ ఆగలేదు. రామన్న గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. కాసేపటికి చెప్పులు విడిచి లోపలికి వచ్చి, తిరుగుతున్న హ్యాండిల్ వైపు చూశాడు. "అన్న గట్లనే తిప్పేటోడు" అన్నాడు. మోటర్‌సైకిల్ దుకాణం మాట మళ్ళీ ఎత్తలేదు. కబాడీవాడికి ఏం చెప్పాడో నేనడగలేదు.

సింహాచలం అన్న ఇంకా రెండేళ్ళు మా సందులో ఉన్నాడు. ఆ రెండేళ్ళలో ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలానే ఉంది. కానీ కరెంటు సంగతుల కంటే ఆ ప్రశ్నే నాలో దిగబడింది. నీ సెయ్యి ఏటి సేసింది? అంతకు ముందు నన్నెవరూ అది అడగలేదు. ఏం వండావని అడిగారు, ఎందుకు ఆలస్యమైందని అడిగారు. ఇప్పుడు సమూహాల ఆడపిల్లలు ఎవరైనా వచ్చి, మిషను పాడైంది అక్కా, ఆకు చిరుగుతోంది అంటే, నేను మిషను వైపు చూడను. ముందు వాళ్ళ చేతులు చూపించమంటాను. గోండీ మాట్లాడే పిల్లైతే గోండీలో, హల్బీ పిల్లైతే హల్బీలో అడుగుతాను. వాళ్ళు సిగ్గుపడతారు. నాకు ఏమీ తెలియదంటారు. నేను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంటాను.

సింహాచలం అన్నకు గుండె నొప్పి వచ్చాక కూతురు వచ్చి ఆయనను తీసుకుపోయింది. బస్సెక్కించడానికి వెళ్ళాను. కిటికీలోంచి తల బయటికి పెట్టి, ముక్కు మూసుకునే తువ్వాలుతోనే చెమట తుడుచుకుంటూ ఆఖరి పాఠం చెప్పాడు. "ఏడాదికొకసారి పెట్టె ఆపీసి, ఒక రాడ్డు నువ్వే సేత్తో తిప్పాల. మళ్ళీ కొలవాల. మోటారు కూడా అక్కడే నడుస్తాది కదా, పట్టాలు ఇంకా అరుగుతాయి. అంకె మారతాది. మారిందని కంగారుపడకు. మారిన అంకె మిషనుకి సెప్పడానికి సిగ్గుపడకు." బస్సు కదిలింది. ఆ తర్వాతి వేసవిలో విశాఖపట్నంలో పోయాడని కూతురు ఫోన్ చేసింది. నేను పోలేకపోయాను. ఆ రోజు లేతు ఆపలేదు. ఆయన ఆపమనే మనిషి కాదు.

రాయపూర్ నుంచి ఒకాయన వచ్చి, ఆ పట్టాలు సానపెట్టించి కొత్తవాటిలా చేసి ఇస్తానన్నాడు. అరుగుదల మొత్తం పోతుందట. ఆలోచిస్తానన్నాను. నాలుగేళ్ళైంది, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఈ వారమే ఆ ఏడాదికొకసారి పని చేశాను. పెట్టె ఆపాను. కళ్ళు మూసుకుని తిప్పాను. ముందటేళ్ళలో వెనక స్టూలు మీద బరువు తెలిసేది. ఈసారి వెతికాను, తెలియలేదు. చెయ్యి మాత్రం తన దారిన తాను వంగింది, ఊపిరి తన చోట తాను ఆగింది. కళ్ళు తెరిచి చూస్తే ముల్లు కిందటేడు ఆగిన చోటు దాటి అర గీత ముందుకు పోయి ఉంది. ఆ జానెడు చోటును ముప్ఫై ఏళ్ళు అరగదీసింది మా ఆయన. ఆయన పోయి ఇన్నేళ్ళూ అక్కడ నడిపిస్తున్నది నేను. కొత్త అంకెను గొంతెత్తి, సందంతా వినబడేలా పలికాను. బటన్ నొక్కాను. ఆ అర గీత నాది.